బ్లడ్ వర్మ్, లగ్ వర్మ్, రాగ్ వర్మ్, శాండ్ వర్మ్... ఏది ఏంటో ఎవరైనా విడమర్చి చెప్పండి

కొత్త_గాలం:
అన్నలూ అక్కలూ నమస్కారం. చెరువుల్లో కాలవల్లో వానపాము గుచ్చి చేపలు పట్టడం చిన్నప్పట్నుంచి ఉన్నదే, ఈమధ్య సముద్రం ఒడ్డున గాలం వేయడం మొదలెట్టా. అక్కడ వానపాము పనికిరాదు సముద్రపు పురుగులే ఎర అన్నారు, సరే అని వీడియోలు చూడ్డం మొదలెడితే బుర్ర తిరిగిపోయింది. ఒకాయన బ్లడ్ వర్మ్ అని లేత గులాబీ రంగు పురుగుని చూపిస్తాడు, అది మూతి బయటికి తన్ని నాలుగు కోరలు పెడుతుంది. ఇంకో దేశం ఆయన కూడా బ్లడ్ వర్మే అంటాడు గానీ ఆయన ఇసుకలోంచి పంపుతో లాగిన పురుగుకి కోరల్లేవు పాడూ లేవు, పైగా నడుం దగ్గర ఎర్రటి కుచ్చులు. మూడో ఆయన చూపించేవి పట్టుమని రెండు సెంటీమీటర్లు లేని సన్నటి ఎర్ర పురుగులు. ముగ్గురూ బ్లడ్ వర్మ్ అనే అంటారు. ఇంతకీ అసలు బ్లడ్ వర్మ్ ఏది? రాగ్ వర్మ్, శాండ్ వర్మ్ ఒకటేనా వేరువేరా?

నిశాచరుడు:
ముగ్గురూ నిజమే చెప్పారు తమ్ముడూ, అదే అసలు బాధ. హహ

ఉప్పునీళ్లు:
ముందు బ్లడ్ వర్మ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఎక్కువ గొడవ దీనితోనే.

నువ్వు చూసిన కోరల పురుగు గ్లిసెరా. పూర్తి పేరు గ్లిసెరా డైబ్రాంకియేటా. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, దాని పైన కెనడాలో నోవా స్కోషియా, ఆ తీరాల బురద మైదానాల్లోంచి తీస్తారు. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి పోయాక పొట్టి పిడి ఉన్న పళ్ల గొర్రు పట్టుకుని, నడుం వంచి బురద తిరగేసుకుంటూ పోతారు, ఒక్కొక్కటీ చేత్తో ఏరాల్సిందే, మిషన్ ఏం ఉండదు. అమెరికా తూర్పు తీరంలో ఎవరైనా బ్లడ్ వర్మ్ అంటే ఇదే. దాని చర్మం రంగు పాలిపోయి ఉంటుంది, లోపలున్న ద్రవం ఎర్రగా ఉండటం వల్ల గులాబీ రంగులో కనిపిస్తుంది. తెంపితే ఆ ఎర్రటి ద్రవం కారుతుంది, పేరు అందుకే వచ్చింది.

కుచ్చులున్న రెండోది దక్షిణాఫ్రికా వీడియో అయ్యుంటుంది. అక్కడ బ్లడ్ వర్మ్ అనేది అరెనికోలా లవేని అనే పురుగుని, అంటే అది లగ్ వర్మ్ జాతి. బ్రిటన్ వాడు చూస్తే "ఇది మా లగ్ కదా" అంటాడు. ఆస్ట్రేలియాలో మళ్లీ వేరు, అక్కడ మార్ఫైసా జాతి పురుగుల్ని బ్లడ్ వర్మ్ అంటారు, బురదలో, సముద్రపు గడ్డి వేళ్ల మధ్యలో ఉంటాయి.

మూడోది అసలు పురుగే కాదు, దోమలాంటి ఒక ఈగ పిల్ల. దాని గురించి మన ఆక్వేరియం వాళ్లు చెప్తారు.

గాజుతొట్టి:
పిలిచారు కాబట్టి వచ్చా. ఆ చిన్న ఎర్రవి కైరొనోమిడ్ అనే కుట్టని ఈగల లార్వాలు. మంచినీళ్ల అడుగున బురదలో పెరుగుతాయి, సముద్రంతో సంబంధమే లేదు. ఆక్వేరియం షాపుల్లో గడ్డ కట్టించి చిన్న చిన్న బిళ్లలుగా అమ్మేది అదే. బ్రిటన్ లో మంచినీటి పోటీల్లో గాలం వేసేవాళ్లు కూడా బ్లడ్ వర్మ్ అంటే దీన్నే అంటారు. ఆక్సిజన్ తక్కువున్న బురదలో బతకాలి కాబట్టి వీటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, ఆ ఎరుపు అదే. ఒక జాగ్రత్త, ఆ హిమోగ్లోబిన్ కొంతమందికి ఎలర్జీ తెస్తుంది, రోజూ చేత్తో ముట్టుకునేవాళ్లకి తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం దాకా పోవచ్చు. ఎండబెట్టిన వాటి పొడి మరీ డేంజర్. నేనైతే పటకారుతోనే తీస్తా.

కొక్కెం_కింగ్:
ఇన్ని లాటిన్ పేర్లు అవసరమా గురూ. చేపకి పేరు చదవడం వచ్చా? కదిలే పురుగు, వాసనొచ్చే పురుగు ఏదైనా కొక్కేనికి గుచ్చి పడేయ్, ఆకలేసిన చేప తింటుంది. నేను ఇన్నేళ్లూ అలాగే లాగించా.

ఉప్పునీళ్లు:
> చేపకి పేరు చదవడం వచ్చా?

చేపకి అక్కర్లేదు గురూ, నీకు కావాలి. ఎవరో వీడియోలో "బ్లడ్ వర్మ్ ని ముక్కలు చేసి చిన్న కొక్కేనికి పెట్టండి" అంటాడు, ఆయన చెప్పేది గ్లిసెరా గురించి. దాని చర్మం గట్టిది, ముక్క కోసినా కొక్కెం మీద నిలబడుతుంది. అదే మాట నమ్మి దక్షిణాఫ్రికా బ్లడ్ వర్మ్ ని, అంటే లగ్ ని, ముక్కలు కోస్తే లోపల నీళ్లన్నీ కారిపోయి ఉత్త తోలు మిగులుతుంది. దాచేటప్పుడూ అంతే. గ్లిసెరా కరుస్తుంది, రాగ్ కరుస్తుంది, లగ్ కరవదు. లగ్ నీ రాగ్ నీ ఒకే డబ్బాలో పెడితే తెల్లారేసరికి సగం లగ్ లు చచ్చి ఉంటాయి. పేరు తెలియక్కర్లేదు సరే, ముందు తల చూడు, దవడ ఉందా లేదా, పక్కన కాళ్లున్నాయా, నడుం మీద మొప్పల కుచ్చులున్నాయా, ఈ మూడూ చూసుకుంటే ఎవడు ఏ పేరుతో పిలిచినా నష్టం లేదు.

కొక్కెం_కింగ్:
సరే ఇది ఒప్పుకుంటా. లగ్ ముక్కలు కోస్తే వేస్ట్ అయిపోవడం మాత్రం నిజం.

బైపీసీ_రమ:
ఇంటర్ లో జువాలజీ చదివినవాళ్లందరికీ ఈ పురుగులు పాత చుట్టాలే, మర్చిపోయారంతే. అనెలిడా వర్గం, పాలికీటా విభాగం, దాంట్లో ఫస్ట్ ఉదాహరణ నీరిస్, తర్వాత అరెనికోలా. గుర్తొచ్చిందా? రికార్డు బుక్కులో నీరిస్ పార్శ్వపాదం (పక్కనుండే కాలు) బొమ్మ గీసి శూకాలు (గట్టి వెంట్రుకలు) అని బాణం గుర్తు పెట్టినవాళ్లం మనం. ఆ నీరిస్ కుటుంబమే రాగ్ వర్మ్, ఆ అరెనికోలానే లగ్ వర్మ్. వానపాము, జలగ కూడా ఇదే వర్గం. తేడా ఎక్కడంటే వానపాముకి పక్కన కాళ్లు లేవు, శూకాలు చర్మంలో కొద్దిగా ఉంటాయి, వీటికి ఒంటి మీద ఉంగరాల్లా కనపడే ఖండితాల్లో చాలావాటికి రెండు పక్కలా పార్శ్వపాదాలు, వాటినిండా శూకాలు. వాటితోనే పాకుతాయి, ఈదుతాయి, ఊపిరి తీస్తాయి.

పేర్ల గొడవ మామూలు జనంలోనే కాదు, శాస్త్రవేత్తల్లోనూ ఉంది. జీవులకి లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ 1758లో లగ్ వర్మ్ కి పెట్టిన పేరు లుంబ్రికస్ మెరైనస్, అంటే సముద్రపు వానపాము అని వానపాముల ప్రజాతిలోనే కూర్చోబెట్టాడు. తర్వాత అది అరెనికోలా మెరైనా అయింది. పెద్ద రాగ్ వర్మ్ ది ఇంకా తమాషా, నీరిస్ వైరెన్స్ అన్నారు, నియాంథెస్ వైరెన్స్ అన్నారు, ఇప్పుడు అలిట్టా వైరెన్స్ అంటున్నారు. పాత పుస్తకం చదివినవాళ్లకి ఒక పేరు, కొత్త పేపర్ చదివినవాళ్లకి ఇంకో పేరు. పురుగు మాత్రం అదే.

కొత్త_గాలం తమ్ముడు అడిగిన రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇదే. ఈ అలిట్టా వైరెన్స్ ని బ్రిటన్ లో కింగ్ రాగ్ అంటారు, అమెరికా తూర్పున శాండ్ వర్మ్ అంటారు, కొందరు క్లామ్ వర్మ్ అంటారు. అమెరికా పడమటి తీరంలో దీని దగ్గరి చుట్టాన్ని పైల్ వర్మ్ అంటారు. కాబట్టి రాగ్, శాండ్ చాలావరకు ఒకటే. లగ్ వేరు.

కొత్త_గాలం:
రమ మేడం, థాంక్సండీ, నీరిస్ అనగానే రికార్డు బుక్కు నిజంగానే కళ్లముందు కదిలింది. మరి రాగ్ లో కూడా రకాలున్నాయంటున్నారు, హార్బర్ రాగ్, వైట్ రాగ్, మ్యాడీ అని. అవి కింగ్ రాగ్ పిల్లలా?

ఉప్పునీళ్లు:
పిల్లలు కాదు. హార్బర్ రాగ్, మ్యాడీ రెండూ ఒకటే, హెడిస్టె డైవర్సికలర్ అనే చిన్న పురుగు. నది సముద్రంలో కలిసే చోట మెత్తటి బురదలో ఉంటుంది, ఉప్పు తక్కువైనా తట్టుకుంటుంది. వీపు మీద మధ్యలో ఎర్రటి గీత స్పష్టంగా కనపడుతుంది, అది రక్తనాళం. నాలుగైదు కలిపి ఒక సన్న కొక్కేనికి గుత్తిగా వేస్తారు. కింగ్ రాగ్ పూర్తిగా ఎదిగితే అడుగు దాటుతుంది, పచ్చని నీలం మెరుపు ఉంటుంది.

వైట్ రాగ్ అసలు ఆ కుటుంబమే కాదు, నెఫ్టిస్. క్యాట్ వర్మ్ అని కూడా అంటారు. ముత్యపు చిప్ప లోపలి రంగు ఉంటుంది, నీళ్లలో వేస్తే అటూఇటూ కొట్టుకుంటూ గబగబా ఈదుతుంది. పోటీలకెళ్లేవాళ్లు దీన్ని బంగారంలా దాచుకుంటారు, చేపలు తక్కువున్న రోజున ఇదొక్కటే పనిచేస్తుందని వాళ్ల నమ్మకం. నాకు అంత తేడా ఎప్పుడూ కనపడలేదు, కానీ ఆ మాటంటే కొట్టడానికొస్తారు.

కొక్కెం_కింగ్:
కొట్టడానికి వస్తున్నా ఉండు. చల్లటి రోజుల్లో, నీళ్లు తేటగా ఉన్నప్పుడు వైట్ రాగ్ ముందు ఏదీ నిలబడదు.

నిశాచరుడు:
మొన్నటిదాకా ఏ పురుగైనా ఒకటే అన్నది ఎవరబ్బా

కొత్త_గాలం:
ఇసుకలో ఎక్కడ తవ్వాలో ఎలా తెలుస్తుంది అన్నా? నేను పార తీసుకెళ్లి ఊరికే గుంతలు తవ్వి వచ్చేలా ఉన్నా.

ఉప్పునీళ్లు:
లగ్ దగ్గర్నుంచి మొదలెట్టు, దాన్ని పట్టడం సులువు, తన ఇంటి ముందు బోర్డు పెట్టుకుని కూర్చుంటుంది.

ఆటు పూర్తిగా దిగాక తడి ఇసుక మీద చూడు, టూత్ పేస్ట్ నొక్కి కుప్ప పోసినట్టు ఇసుక చుట్టలు కనపడతాయి. అది లగ్ విసర్జన. తల వైపు నుంచి ఇసుక మింగి అందులో ఉన్న సూక్ష్మజీవుల్నీ కుళ్లినదాన్నీ అరాయించుకుని, తోక వైపు నుంచి శుభ్రమైన ఇసుకని పైకి తోస్తుంది. ఆ చుట్టకి కాస్త పక్కన గిన్నెలా చిన్న గుంట ఉంటుంది, అదే తల వైపు. ఆ రెంటికీ మధ్యలో కింద పురుగు ఉంటుంది, బొరియ రూపం యు అక్షరమో జె అక్షరమో అనుకో, లోతు సుమారు 20 నుంచి 40 సెంటీమీటర్లు. చుట్టకీ గుంటకీ మధ్య గీతకి అడ్డంగా ఫోర్కు (మట్టి తవ్వే పళ్ల గొర్రు) దింపాలి, పార కాదు, పార అయితే సగానికి నరికేస్తుంది.

తీసి చేతిలో పెట్టుకుని చూడు. ముందు భాగం లావుగా మెత్తగా, నడుం మీద రెండు వరసల్లో ఎర్రటి కుచ్చు మొప్పలు, వెనక సన్నటి తోక, నొక్కితే గరగరమంటుంది, అది నిండా ఇసుకే. చేపలు, పక్షులు ఆ తోక కొసని కొరుక్కుపోతుంటాయి, పురుగు ఆ ముక్కని వదిలేసి లోపలికి జారుకుంటుంది, ప్రాణానికేం కాదు. గుచ్చేముందు ఆ తోక తుంచెయ్, ఇసుక ఎందుకూ పనికిరాదు. వేళ్లకి పసుపు రంగు అంటుకుంటుంది, సబ్బుకి ఒకపట్టాన పోదు, ఇంట్లో ఆ వాసనకి తిట్లు కూడా తప్పవు.

ఇక్కడా పేర్ల తిరకాసు ఉంది. బ్రిటన్ లో బ్లో లగ్, బ్లాక్ లగ్ అని రెండంటారు. చాలా కాలం ఒకే జాతిలో తేడాలనుకున్నారు, 1993లో బ్లాక్ లగ్ ని అరెనికోలా డిఫోడియెన్స్ అని వేరే జాతిగా ప్రకటించారు. జాలర్లు మాత్రం ఎప్పట్నుంచో వేరుగానే చూసేవాళ్లు. రంగు చూసి మోసపోకు, బ్లో లగ్ కూడా నల్లగా దొరుకుతుంది. చుట్ట చూడాలి. బ్లో లగ్ చుట్ట చిందరవందరగా ఉంటుంది, బ్లాక్ లగ్ ది గుండ్రంగా పొందిగ్గా ఉంటుంది, పక్కన గుంట కనపడదు, ఎందుకంటే దాని బొరియ నిలువుగా ఇంకా లోతుకి పోతుంది, ఆటు బాగా లోపలికి దిగిన చోటే ఉంటుంది. దాన్ని తవ్వడం కంటే పంపుతో లాగడం నయం.

కొక్కెం_కింగ్:
ఇంకోటి కలుపుతా. బ్లాక్ లగ్ ని పేగులు తీసేసి న్యూస్ పేపర్లో చుట్టి ఫ్రీజర్లో పెడితే నెలలు ఆగుతుంది. బ్లో లగ్ ని ఫ్రీజ్ చేస్తే కరిగాక ముద్ద అయిపోతుంది, దాన్ని ఆ రోజే వాడెయ్యాలి. ఎలాస్టిక్ దారం చుడితే కొక్కెం మీద కాసేపు ఎక్కువ ఆగుతుంది.

వరిచేను:
నేను గాలం ఏసెటోన్ని కాదు, ఊకె ఈ ముచ్చట్లు సదువుతుంట. ఒక డౌటు. వరిల మొగిపురుగుకు, ఆకుచుట్టకు మేం సల్లే కార్టాప్ గుళికలున్నయి కదా, అవి సముద్రపు పురుగు నుంచి అచ్చినయని ఒక సారు చెప్పిండు. ఎర పురుగులంటున్నరు కాబట్టి అడుగుతున్న, గది నిజమేనా?

బైపీసీ_రమ:
వరిచేను అన్నా, మంచి ప్రశ్న వేశారు, నూటికి నూరుపాళ్లు నిజం. పైగా అది చేపల ఎర పురుగు దగ్గరే మొదలైంది.

జపాన్ లో లుంబ్రినెరిస్ హెటెరోపోడా అనే పురుగుని ఎరగా వాడేవాళ్లు. (పాత పుస్తకాల్లో లుంబ్రికోనెరైస్ అని ఉంటుంది, మళ్లీ పేరు మార్పే.) చచ్చిన ఆ పురుగుల మీద వాలిన ఈగలు అక్కడికక్కడే చచ్చిపోవడం జాలర్లు గమనించారు. వాటిని ఎక్కువసేపు ముట్టుకునేవాళ్లకి తలనొప్పి, వికారం రావడం కూడా తెలుసు. 1934లో నిట్టా అనే శాస్త్రవేత్త దానిలోంచి విషాన్ని వేరుచేసి నీరిస్టాక్సిన్ అన్నాడు. దాని రసాయన నిర్మాణం తేలింది మాత్రం 1962లో. ఆ నిర్మాణాన్ని కాస్త మార్చి తయారుచేసిందే కార్టాప్, జపాన్ లో 1967 నుంచి పడాన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. పురుగు ఒంట్లోకి వెళ్లాక కార్టాప్ మళ్లీ నీరిస్టాక్సిన్ గా మారి నరాల సంకేతాలు అందే చోట అడ్డుపడుతుంది, అప్పుడు కీటకం చచ్చుబడిపోయి తిండి మానేస్తుంది. గుళికలు పడ్డాక ఆకుచుట్ట పురుగు కదలకుండా ఉండిపోయేది అందుకే.

వరిచేను:
ఓరి వారి! ఇన్నేండ్లు సల్లిన గానీ సముద్రంల ఈగ సచ్చుడు చూసి కనిపెట్టిండ్రని తెల్వకపాయె. థాంక్స్ మేడం.

నిశాచరుడు:
అంటే మనం గుచ్చే ప్రతి పురుగులో ఆ విషం ఉంటుందా మేడం? ఇకనుంచి గాలం వేస్తూ బిస్కెట్ తినడం మానెయ్యాలేమో

బైపీసీ_రమ:
అన్నిట్లో ఉండదు. పేరులో నీరిస్ ఉంది గానీ అది దొరికింది వేరే కుటుంబం పురుగులో. కానీ పురుగులు పట్టుకున్న చేత్తో తినడం మానెయ్యాల్సిందే, విషం ఉన్నా లేకపోయినా.

పడవ_పిల్లోడు:
విషం అంటే గ్లిసెరా గురించి చెప్పుకోవాలి. నన్ను కరిచింది కాబట్టి చెప్తున్నా. మధ్యలో పట్టుకున్నా, మెల్లగా వేళ్ల మధ్య మెలికలు తిరుగుతోంది, మొహం ఏదో తోక ఏదో కూడా తెలియదు రెండు వైపులా మొనదేలి ఉంటుంది. ఉన్నట్టుండి ఒక కొసనుంచి చేతి తొడుగు తిరగేసినంత వేగంగా లావుపాటి గొట్టం బయటికొచ్చింది, దాని చివర చిన్న చిన్న నల్లటి కోరలు నాలుగు, నాలుగు మూలలా. బొటనవేలు పక్కన దిగాయి. తేనెటీగ కుట్టినంత మంట, చుట్టూ ఎర్రగా వాచి సాయంత్రానికి తగ్గింది. ఇప్పుడు తల వెనకే పట్టుకుంటా, ముందు కొక్కెం మొన దగ్గర పెట్టి అది మూతి తెరిచినప్పుడు నోట్లోంచే గుచ్చేస్తా, పని సులువు.

ఆ కోరల్లో రాగి ఉంటుందంట, నిజమేనా మేడం?

బైపీసీ_రమ:
నిజమే. గ్లిసెరా కోరల్లో రాగి ఖనిజం ఉంటుంది, అటకమైట్ అనే రాగి సమ్మేళనం పోగులుగా పేరుకుని ఉంటుంది. కోర అడుగున విషగ్రంథి. నీరిస్ దవడల్లో అయితే జింకు ఉంటుంది. మన పళ్లలా కాల్షియం పేర్చుకోకుండా లోహంతో గట్టిపరుచుకున్నాయి, అందుకే మెటీరియల్స్ వాళ్లకి కూడా ఈ పురుగులంటే ఆసక్తి.

లగ్ ని తక్కువ చెయ్యకండి. దాని హిమోగ్లోబిన్ కణాల్లో ఉండదు, నేరుగా రక్తంలో కరిగి ఉంటుంది, అణువు చాలా పెద్దది, మనిషి హిమోగ్లోబిన్ కంటే 40 రెట్లు ఎక్కువ ఆక్సిజన్ మోస్తుంది. ఆటులో నీళ్లు వెళ్లిపోయాక బొరియలో గంటల తరబడి ఊపిరి ఆపుకుని కూర్చోవాలి కదా. ఫ్రాన్స్ లో హెమారినా అనే కంపెనీ 2007లో దీని మీదే మొదలైంది, మార్పిడికి తీసిన కిడ్నీలు పాడవకుండా దాచే ద్రవంలో లగ్ హిమోగ్లోబిన్ వాడతారు.

హేచరీ_వాసు:
గాలం వాళ్లే కాదు, రొయ్య హేచరీల్లో కూడా ఈ పురుగులే కావాలి. తల్లి రొయ్యలకి పాలికీట్ పెడితే గుడ్లు బాగా తయారవుతాయి, వీటిల్లో అరకిడోనిక్ యాసిడ్ లాంటి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. మా వాడుకలో లగ్గూ రాగ్గూ ఏం లేవు, అన్నీ పాలికీట్లే. సముద్రంలో పట్టినవాటితో రొయ్య జబ్బులు కూడా వచ్చేస్తాయని ఫారాల్లో పెంచిన వ్యాధిరహిత పాలికీట్లు అడుగుతారు. ఇంగ్లండ్, నెదర్లాండ్స్ లో కింగ్ రాగ్ ని ట్యాంకుల్లో పెంచి అటు జాలర్లకీ ఇటు హేచరీలకీ అమ్మేవాళ్లున్నారు.

అలల_మీద:
ఆస్ట్రేలియా బీచ్ వర్మ్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? నాకు అన్నిట్లోకీ దాన్ని పట్టడమే ఇష్టం, చేప పట్టినదానికంటే మజా.

అది ఆనుఫిడే కుటుంబం, ఆస్ట్రలోనుఫిస్. రెండు మీటర్లు దాటేవి కూడా ఉంటాయి. అలలు కొట్టే ఇసుకలోనే నిలువుగా ఉంటుంది, గుర్తు ఏమీ ఉండదు, చుట్టా లేదు గుంటా లేదు. కుళ్లిన చేప ముక్కల్ని సంచిలో కట్టి అల వెనక్కి పోయేటప్పుడు ఇసుక మీద ఈడుస్తారు. వాసన తగలగానే ఇసుకలోంచి చిన్న తల లేస్తుంది, నీటి రేకులో వి ఆకారపు గీత కనపడుతుంది, అదే ఆనవాలు. అక్కడ మోకాళ్ల మీద కూర్చుని రెండో చేత్తో పిప్పీ అనే ఆల్చిప్ప మాంసం దాని మూతికి అందిస్తారు. అది కొరికి వెనక్కి లాగుతూ మెడ వంచుతుంది. సరిగ్గా ఆ వంపు దగ్గర బొటనవేలు చూపుడువేలు వేసి పట్టాలి. తొందరపడితే లోపలికి పోతుంది, మళ్లీ రాదు. పట్టాక గట్టిగా లాగితే తెగుతుంది, అది పట్టు వదిలేదాకా ఒకే బిగువుతో లాగుతూ ఉండాలి. కొత్తవాళ్లు పొద్దంతా కూర్చుని ఒక్కటీ పట్టలేకపోవడం మామూలే.

కొత్త_గాలం:
అబ్బ చదువుతుంటేనే వేళ్లు జివ్వుమంటున్నాయి. మిగతా దేశాల్లో ఏమంటారో కూడా తెలిస్తే చెప్పండి, ఆన్లైన్ లో చాలా పేర్లు కనపడుతున్నాయి.

పడవ_పిల్లోడు:
ఇటలీ వాళ్లది భలే పద్ధతి, పురుగు ఏ దేశం నుంచి దిగుమతైందో ఆ పేరే పెట్టేస్తారు. గ్లిసెరా అమెరికానో. తూర్పు ఆసియా నుంచి వచ్చే పెరినీరిస్ కొరియానో. మార్ఫైసా మాత్రం మురిద్దు. బీబీ అని ఇంకోటుంది, ఫ్రాన్స్ లోనూ అదే పేరు, అది సైపంక్యులస్, పీనట్ వర్మ్. దానికి ఖండితాలు లేవు, కాళ్లు లేవు, నున్నటి గొట్టం. చాలాకాలం వేరే వర్గంగా పెట్టారు, ఇప్పుడు జన్యువులు చూసి అనెలిడాలోనే కలిపారు. చర్మం గట్టిది, పెద్ద చేపల కోసం దూరం విసరడానికి బాగుంటుంది. జపాన్ లో ఆ పెరినీరిస్ నే అవో ఇసోమె అంటారు, మార్ఫైసా ఇవా ఇసోమె. కన్సాయ్ (ఒసాకా ఉన్న ప్రాంతం) వైపు ఇవా ఇసోమెని మముషి అంటారు, వాళ్ల భాషలో అదే పేరుతో విషపాము కూడా ఉంది. కొత్తవాడు మముషి కొనుక్కురా అంటే పారిపోతాడు.

కొక్కెం_కింగ్:
న్యూక్లియర్ వర్మ్ అని అమెరికాలో అమ్మేది ఏంటి? అణుబాంబు తిన్న పురుగా

పడవ_పిల్లోడు:
వియత్నాం నుంచి దిగుమతి చేసే నమలికాస్టిస్ అనే పురుగు, అది కూడా నీరిస్ కుటుంబమే, పొడుగు మీటరు పైనే ఉంటుంది. అమ్ముకోడానికి పెట్టిన పేరు అంతే, అణువూ లేదు ఏమీ లేదు.

ఉప్పునీళ్లు:
దిగుమతి మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పాలి, దీని మీద నాకు కాస్త కోపం ఉంది. దూరం నుంచి వచ్చిన పురుగుల్ని గానీ, వాటితో వచ్చిన పాచిని గానీ నీళ్లలో పారబొయ్యకండి. మెయిన్ రాష్ట్రం గ్లిసెరాని ఒక రకం గోధుమరంగు సముద్రపు పాచిలో చుట్టి పంపుతారు, వర్మ్ వీడ్ అంటారు, తడి ఆరకుండా ఉండటానికి. ఆ పాచిలో చిన్న నత్తలు, పీత పిల్లలు కూడా ప్రయాణం చేస్తాయి. పురుగులైపోగానే గట్టు మీదనుంచి పాచి విసిరేస్తారు, శాన్ ఫ్రాన్సిస్కో బేలో అట్లాంటిక్ నత్త ఒకటి కాపురం పెట్టడానికి ఈ పాచే కారణమని పరిశోధకులు తేల్చారు. మిగిలిన ఎర కూడా అంతే, చెత్తబుట్టలో వెయ్యండి.

తవ్వేవాళ్లకి ఇంకో మాట, గుంత తవ్వితే పూడ్చెయ్యండి. ఎత్తి పోసిన మట్టి కింద ఆల్చిప్పలు ఊపిరాడక చస్తాయి, చీకట్లో ఎవడైనా అందులో కాలేస్తే మడమ విరుగుతుంది. కొన్నిచోట్ల తవ్వడానికి లైసెన్స్ కావాలి, కొన్నిచోట్ల పక్షుల కోసం పూర్తిగా నిషేధం, వెళ్లేముందు కనుక్కోండి.

కొత్త_గాలం:
సరే అన్నా. ఇంటికి తెచ్చాక ఎలా దాచాలి? ఫ్రిజ్ లో పెడితే ఇంట్లోవాళ్లు నన్ను బయట పెడతారు.

కొక్కెం_కింగ్:
మూతున్న డబ్బా పెట్టి దాని మీద మందులు అని రాయి, ఎవరూ తెరవరు.

పద్ధతి చెప్తా విను. లోతులేని ట్రేలో సముద్రపు నీళ్లు ఒక వేలు మందం, ఫ్రిజ్ లో కింది అర, చలి మరీ ఎక్కువొద్దు. రాగ్ అయితే నీళ్లు లేకపోయినా పర్లేదు, తడి న్యూస్ పేపరో, మొక్కల కుండీల్లో వేసే వర్మిక్యులైటో చాలు. రోజూ చూసి తెగినవి, చచ్చినవి తీసెయ్, ఒకటి కుళ్లితే మొత్తం పోతాయి. కుళాయి నీళ్లు ఒక్క చుక్క పడనివ్వకు, మంచినీళ్లు తగిలితే ఉబ్బి చచ్చిపోతాయి. వానలో డబ్బా మూత తెరిచి పెట్టినా అదే గతి. లగ్ వేరే ట్రే, రాగ్ వేరే ట్రే.

బైపీసీ_రమ:
రాగ్ ఒకవేళ పచ్చగా మారి, ఒళ్లు మెత్తబడి, ముట్టుకుంటే పగిలేలా ఉంటే అది గుడ్లు పెట్టే దశలో ఉందని అర్థం. నీరిస్ జాతుల్లో చాలావాటికి బతుకులో ఒకేసారి సంతానం, అది అవగానే చచ్చిపోతాయి. కొన్ని జాతులైతే రూపమే మార్చుకుని, కళ్లు పెద్దవై, కాళ్లు తెడ్లలా వెడల్పై, బురద వదిలి నీటి పైకి ఈదుకుంటూ వచ్చేస్తాయి, హెటెరోనీరిస్ అని చదువుకున్నది అదే. గ్లిసెరా కూడా ఒకేసారి గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. అలాంటివి దొరికితే అక్కడే వదిలెయ్యండి, కొక్కెం మీద ఎలాగూ నిలవవు, వదిలితే వచ్చే ఏడాదికి పురుగులుంటాయి.

కొత్త_గాలం:
చివరగా ఒక్కటి. లగ్ ని ఎటునుంచి గుచ్చాలి, తల నుంచా తోక నుంచా? వీడియోల్లో రెండూ చూపిస్తున్నారు.

కొక్కెం_కింగ్:
తల నుంచి. కాడ పొడుగున్న సన్న కొక్కెం తీసుకో, తోక తుంచెయ్, తలలో మొన దింపి ఒంటి లోపలి నుంచే మెల్లగా కాడ మీదకి ఎక్కించు, కాడ దాటి దారం మీదకి కూడా కాస్త పోనీ. చివర్లో మొన బయటికి రావాలి, పురుగు లోపల దాక్కుంటే చేప కొరికినా తగలదు. పెద్ద రాగ్ కి కూడా ఇంతే, కాకపోతే ముందు దాని దవడ చూసుకో.

పడవ_పిల్లోడు:
గ్లిసెరా అయితే నాలుగు కోరలు చూసుకో.

నిశాచరుడు:
కైరొనోమిడ్ అయితే కళ్లజోడు పెట్టుకో